వజ్రంలోని మచ్చను చదవాలంటే ఏ కోర్సు?

ప్రశ్న: మాది గుత్తి. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. వజ్రాల లోపల ఇరుక్కున్న ఖనిజాల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. చుట్టాలంతా కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించమంటున్నారు. ఈ చదువుతో బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో జనం చేసే వజ్రాల వేటకూ, మీ అమ్మాయి చెబుతున్న చదువుకూ సంబంధం లేదండీ. మచ్చ ఉంటే నగల వ్యాపారి రాయి ధర తగ్గిస్తాడు. ఈ సైంటిస్టులకు ఆ మచ్చే కావాలి. మనిషి వేసిన అతి లోతైన బోరు, రష్యాలోని కోలాలో, 12 కిలోమీటర్లు దాటి కాస్త వెళ్లింది, అంతే. వజ్రాలేమో ఎక్కువగా 150 నుంచి 200 కిలోమీటర్ల లోతులో, కొన్ని ఇంకా కింద పుడతాయి. పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న ఖనిజం తునకను లోపల బిగించేసుకుని పైకి తెస్తాయి.

బ్రెజిల్‌లోని జుయినాలో దొరికిన ఒక వజ్రం సంగతే చూడండి. మూడు మిల్లీమీటర్లు, గోధుమ రంగు, నగకు పనికిరాదు. గ్రాహమ్ పియర్సన్ అనే సైంటిస్టు బృందం వేరే ఖనిజం కోసం వెతుకుతుంటే, 2009లో జాన్ మెక్‌నీల్ అనే రీసెర్చ్ విద్యార్థి దాని లోపల కంటికి కనిపించని రింగ్‌వుడైట్ తునకను పట్టుకున్నాడు. సుమారు 520 నుంచి 660 కిలోమీటర్ల లోతులో ఉండే ఖనిజం అది. అందులో బరువులో దాదాపు ఒకటిన్నర శాతం నీరు! విడిగా నీళ్లలా కాదు, స్ఫటికంలోనే కలిసిపోయి ఉంది. రామన్, ఇన్‌ఫ్రారెడ్, ఎక్స్‌రే పరీక్షలన్నీ ముగించుకుని పేపర్ వచ్చింది 2014లో. అంత ఓపిక పట్టగలదా అన్నది అమ్మాయినే అడగండి.

దారి ఇదీ. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు వస్తే ఐఐటీ ఖరగ్‌పూర్‌లో అప్లైడ్ జియాలజీ ఉంది. లేదంటే జియాలజీ, కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీ, ఆపైన జామ్ (ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీకి ప్రవేశ పరీక్ష) రాసి ఎమ్మెస్సీ. డిగ్రీలో జియాలజీ లేకపోతే చాలాచోట్ల ఎమ్మెస్సీ జియాలజీకి తీసుకోరు, ఇది ముందే చూసుకోండి. రత్నాల గ్రేడింగ్ డిప్లొమాలు నగల వ్యాపారానికి, ఈ పనికి కాదు.

జీతం గురించి దాపరికం లేకుండా చెబుతాను. అచ్చంగా వజ్రాల ఇన్‌క్లూజన్ల (లోపల ఇరుక్కున్న ఖనిజాల) మీదే పనిచేసే ఉద్యోగాలు చాలా తక్కువ. పీహెచ్‌డీ తప్పదు, విదేశాలకు వెళ్లాల్సి రావచ్చు. అయితే అదే ఎమ్మెస్సీతో యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జీఎస్ఐలో (కేంద్ర ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) గ్రూప్-ఎ జియాలజిస్ట్ కావచ్చు. హైదరాబాద్‌లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది, ప్రభుత్వ గనుల కంపెనీ ఎన్‌ఎండీసీ ఉంది. సాఫ్ట్‌వేర్ అంత తొందరగా డబ్బు కనిపించదు, కానీ ఖాళీగా కూర్చోబెట్టే చదువైతే కాదు.

ఒకరోజు అనంతపురం ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) జియాలజీ విభాగానికి తీసుకెళ్లి, రాతి పలుచని ముక్కను మైక్రోస్కోపులో చూపించమని అడగండి. ఈలోగా ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ప్రిపరేషన్ మాత్రం మాన్పించకండి. కౌన్సెలింగ్ నాటికి తేల్చుకోవచ్చు.