ఋతువుల రోజును సెన్సరీ పద్ధతిలో జరపడం: ఆ రోజు కొత్తది ఏదీ పెట్టకండి

మీరు అడిగింది ఇదీ: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం), చూపు లోపం లాంటి వేర్వేరు ఇబ్బందులున్న ఎనిమిది మంది పిల్లల క్లాసులో వానాకాలం మొదలు, ఆకురాలే కాలం, ఏడాదిలో అన్నిటికన్నా పొడవైన పగలు లాంటి రోజుల్ని సెన్సరీ పద్ధతిలో, అంటే వాసన, స్పర్శ, శబ్దం, వెలుగు లాంటి వాటితో, ఎలా జరపాలి? పోయినసారి గది నిండా కాగితపు అలంకరణలు కట్టి, పాటలు పెట్టి, అందరికీ ఒకేసారి రంగులిస్తే ఇద్దరు చెవులు మూసుకుని బల్ల కిందికి దూరారనీ, వీల్‌చైర్‌లో ఉన్న పాప నిద్రపోయిందనీ రాశారు. ఆ పాప నిద్రను తేలిగ్గా తీసుకోకండి. చుట్టూ జరిగేది మోయలేనంత అయినప్పుడు కొందరు పిల్లలు ఏడుస్తారు, కొందరు కళ్లు మూసుకుని లోపలికి వెళ్లిపోతారు. రెండూ ఒకటే మాట చెబుతున్నాయి.

చాలా ఏళ్లుగా ఇలాంటి క్లాసుల్లోనే పనిచేస్తున్నాను. నా అనుభవంలో గట్టిగా నిలిచిన సూత్రం ఒక్కటే: వేడుక రోజున కొత్తది ఏదీ ఉండకూడదు. మామూలు క్లాసులో వేడుకంటే కొత్తదనం. మన క్లాసులో అలా కాదు, ‘ఇది నాకు తెలుసు, దీని తర్వాత ఏమొస్తుందో కూడా తెలుసు’ అన్నదే పిల్లల సంబరం. కాబట్టి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టండి. రోజూ ఓ పావుగంట చాలు. అదే చోటు, అదే వరస, అవే మాటలు, అదే చిన్న పాట. అసలు రోజు వచ్చేసరికి వరసంతా వాళ్లకు కంఠతా వచ్చేసి ఉండాలి. ఆ రోజు మారేదల్లా ఒక్కటే, పక్క క్లాసు వాళ్లో అమ్మానాన్నలో వచ్చి ఓ పక్కన కూర్చుని చూస్తారు. అది కూడా ఎక్కువయ్యే పిల్లలుంటే వీడియో తీసి పంపండి, సరిపోతుంది.

వాన సెషన్ ఎలా నడుపుతామో కాస్త వివరంగా చెప్తాను. మిగతా ఋతువులకు మీరే అల్లుకోవచ్చు.

మొదట గుర్తు వస్తువు. మాకది పాత గొడుగు నుంచి కోసిన గుడ్డ ముక్క. రోజూ అదే ముక్క, సెషన్ మొదలయ్యే ముందు ప్రతి పిల్లాడి చేతికీ ఇస్తాం. చూపూ వినికిడీ రెండూ లేని పిల్లలతో నెదర్లాండ్స్‌లో యాన్ వాన్ డైక్ చేసిన పని నుంచి పెరిగిన పద్ధతి ఇది. తర్వాత జరగబోయేదాన్ని మాటతో కాకుండా వస్తువుతో చెప్పడం. బొమ్మ చూసి పోల్చుకోలేని పిల్లలు కూడా కొన్నాళ్లకు ఆ గుడ్డ తగలగానే తల తిప్పుతారు. ఆటిజం ఉన్న పిల్లలకు ‘ఇప్పుడు – తర్వాత’ బోర్డు మీద వాన బొమ్మ, దాని పక్కన సెషన్ అయ్యాక చేసే పని బొమ్మ పెట్టండి. ఇది ఎప్పుడు అయిపోతుందో తెలియకపోవడమే సగం టెన్షన్.

తర్వాత మట్టివాసన. వెడల్పాటి ట్రేలో పొడిమట్టి బాగా ఎండబెట్టి ఉంచి, పిల్లల ముందే చేత్తో నాలుగు చినుకులు చిలకరిస్తాం. ఈ వాసన మీద 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పరిశోధన పత్రం రాశారు. 2015లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు చినుకు పడే తీరును హైస్పీడ్ కెమెరాతో తీశారు. చినుకు మట్టిని తాకగానే అడుగున చిన్న గాలిబుడగలు చిక్కుకుని, పైకి లేచి పగిలి, సన్నని తుంపరగా గాల్లో కలుస్తాయట. జోరువానలో కన్నా చిరుజల్లులోనే ఇది ఎక్కువగా జరుగుతుందని వాళ్లు గమనించారు. అందుకే చెంబుతో గుమ్మరించకండి. గుమ్మరిస్తే బురద అవుతుంది తప్ప వాసన రాదు. ట్రేను ముక్కు కింద పెట్టేయకుండా మూరెడు దూరంలో పట్టుకుని, అట్టముక్కతో మెల్లగా విసరండి. ఆ పూటకి ఆ ఒక్క వాసనే. రెండోది తెస్తే మొదటిది పోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లకు మట్టి దగ్గరికి తేకండి, వాళ్లకు తడిసిన గొడుగు గుడ్డ చాలు.

అసలు వాన ఇక్కడ మొదలవుతుంది. డెన్మార్క్‌కు చెందిన లిలీ నీల్సెన్ తయారుచేసిన రెజొనెన్స్ బోర్డు గురించి వినే ఉంటారు. పల్చటి ప్లైవుడ్ పలకకు కింద అంచుల చుట్టూ సన్నని చెక్క పట్టీ బిగిస్తారు, దాంతో పలక నేలకు కొంచెం ఎత్తులో నిలుస్తుంది. దాని మీద పిల్లాడు పడుకున్నా కూర్చున్నా, చిన్న కదలిక కూడా శబ్దమై, అదురై ఒంటికి తిరిగి చేరుతుంది. వడ్రంగి ఎవరైనా చేసిపెడతారు. పిల్లాడిని దాని మీద పడుకోబెట్టి, ఓ మూలన ఒక్క వేలితో టప్... టప్... అని మొదలుపెడతాం. తర్వాత రెండు వేళ్లు, తర్వాత పది వేళ్లు, తర్వాత అరచేతులు. మళ్లీ అదే వరసలో తగ్గిస్తూ వచ్చి ఆపేస్తాం. ఆపాక ఏమీ అనకుండా ఆగాలి. ఈ ఆగడమే అన్నిటికన్నా ముఖ్యం.

ఒక బాబు ఉండేవాడు, చూపు లేదు, చేతులు బిగుసుకుపోయి ఉండేవి. వాన ఆగగానే ముందు ఊపిరి బిగబట్టేవాడు. కాసేపటికి ఎడమకాలి బొటనవేలు ముడుచుకునేది. ఆ తర్వాత, మనం ఇక రాదులే అనుకునే సమయానికి, మడమ లేచి పలక మీద ‘ఠప్’మని పడేది. ‘మళ్లీ’ అని దానర్థం. మేం వెంటనే వాన కురిపించేవాళ్లం. ఆ మడమ చప్పుడు వినాలంటే చుట్టూ ఉన్న పెద్దవాళ్లందరూ నోరు మూసుకోవాలి. మనసులో పది దాకా లెక్కపెట్టుకోండి, అప్పటికీ ఏమీ రాకపోతే ఇంకో పది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లాడికి కదలాలని అనిపించడానికీ ఒళ్లు కదలడానికీ మధ్య మనం ఊహించనంత సమయం పడుతుంది. మనం తొందరపడి ‘వాన కావాలా? ఆఁ? కావాలా కన్నా?’ అని మీద పడితే, కూడదీసుకున్నదంతా పోయి మళ్లీ మొదటికి వస్తాడు.

ఉరుము సంగతి జాగ్రత్త. పల్చటి రేకును ఊపితే ఉరుము భలేగా వస్తుంది. కానీ హఠాత్తుగా శబ్దమొస్తే ఒళ్లంతా ఎగిరిపడే పిల్లలుంటారు, వాళ్ల కండరాలు మళ్లీ సర్దుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఆ ఉలికిపాటును చూసి ‘భలే రియాక్షన్’ అని చప్పట్లు కొట్టే పెద్దవాళ్లను నేను చూశాను, అది ఆనందం కాదు. ‘ఉరుము... వస్తోంది...’ అని రోజూ ఒకే గొంతుతో చెప్పి, గది అవతలి మూల నుంచి చాలా మెల్లగా మొదలుపెట్టండి. చెవులు మూసుకునే మీ ఇద్దరికీ శబ్దం తగ్గించేలా చెవులు కప్పే ఇయర్ మఫ్స్ ముందే ఇవ్వండి. ఇంకా మంచి దారి, ఉరుమును వాళ్ల చేతికే ఇచ్చేయడం. ఒక్క మాట రికార్డు చేసుకునే పెద్ద బటన్లు ఉంటాయి కదా, అందులో ఉరుము రికార్డు చేయండి. వేరేవాళ్లు చేస్తే భరించలేని చప్పుడును తనే నొక్కి తెప్పించుకుని నవ్విన పిల్లలున్నారు.

చివరగా చినుకులు. స్ప్రే సీసాతో మొహం మీద కొట్టకండి, ఎంత సరదాగా అనిపించినా సరే. తాకితే ఉలిక్కిపడే పిల్లలకు లేత స్పర్శే ఎక్కువ చికాకు. ముందు భుజం నుంచి మణికట్టు దాకా అరచేత్తో నిదానంగా, గట్టిగా నొక్కుకుంటూ రండి. తర్వాత మీ చేతిని వాళ్ల చేతి కిందికి పోనివ్వండి. వాళ్ల చేతిని పట్టుకుని నీళ్లలో ముంచకూడదు. మీ చేయి నీళ్లలోకి వెళ్తుంది, వాళ్లది మీ చేతి మీద ఉంటుంది. ఇష్టమైతే వేళ్లు కిందికి జారతాయి, లేకపోతే వెనక్కి తీసుకుంటారు. తీసుకోనివ్వండి. తర్వాత పొడి తువ్వాలుతో తుడవడం, ‘వాన అయిపోయింది’ అన్న మాట, గుడ్డ ముక్కను డబ్బాలో పడేయడం. ముగింపు కూడా రోజూ ఇలాగే ఉండాలి.

ఇక మిగతా రోజులు. ఆకురాలే కాలానికి నేల మీద ఎండుటాకులు దట్టంగా పరిచి వీల్‌చైర్‌ను వాటి మీదుగా నడిపించండి. గలగల చెవికీ, ఆ అదురు చక్రాల గుండా ఒంటికీ వెళ్తుంది. నడిచే పిల్లలకు చెప్పులు విప్పించండి. బూజు పట్టినవి, పురుగులున్నవి, ఏ చెట్టువో తెలియనివి వద్దు. ప్రతిదీ నోట్లో పెట్టుకునే పిల్లలకు ఆకుల్ని గట్టి వల సంచిలో వేసి మూతి కుట్టి ఇవ్వండి.

పొడవైన పగలు ఉత్తరార్ధగోళంలో జూన్ 21 ప్రాంతంలో, దక్షిణార్ధగోళంలో డిసెంబరు 21 ప్రాంతంలో వస్తుంది. ఆ వారం నీడలతో ఆడండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే చోట వీల్‌చైర్ నిలిపి నేల మీద నీడ చుట్టూ సుద్దతో గీత గీస్తే, కుర్చీతో సహా తన ఆకారం పెరగడం, తగ్గడం పిల్లలకు కనిపిస్తుంది. ఎండ తగిలిన రాయిని, నీడలో ఉన్న రాయిని చెరో చేతిలో పెట్టండి, వేడి ముందు మీ మణికట్టు లోపలివైపు చూసుకోండి. పొట్టి పగలుకు చీకటి కావాలి. అందుకు ప్రత్యేకమైన గది అక్కర్లేదు. పెద్ద నల్ల గొడుగు తెరిచి, పిల్లాడి తల చుట్టూ నీడ పట్టి, లోపల ఒకే ఒక్క టార్చి వెలిగించి మెల్లగా కదపండి. కంటి వల్ల కాకుండా మెదడు వల్ల చూపు సమస్య ఉన్న పిల్లలు నల్లటి నేపథ్యం మీద కదిలే ఒక్క రంగును, చాలామంది ఎరుపునో పసుపునో, తేలిగ్గా పట్టుకుంటారు. మిణుకుమిణుకుమనే దీపాల తోరణాలు మాత్రం వద్దు. వెలుగుకు ఫిట్స్ వచ్చేవాళ్లకు సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసే కాంతి ప్రమాదం.

చలికాలానికి ఐస్ వాడితే గుడ్డలో చుట్టి కొన్ని క్షణాలే ఇవ్వండి, స్పర్శ తెలియని కాళ్లకు అసలు తగలనివ్వకండి. ఇంటర్నెట్‌లో ఐస్ మీద ఉప్పు, రంగు చల్లే ఆటలు బోలెడు కనిపిస్తాయి. ఉప్పు కలిస్తే చల్లదనం సున్నా కంటే చాలా కిందికి, దాదాపు మైనస్ 21 డిగ్రీల దాకా పోగలదు. చర్మం కాలినట్టవుతుంది.

ఇంకా కొన్ని ముందే చెప్పేస్తాను. స్పైనా బైఫిడా (పుట్టుకతోనే వెన్నెముక పూర్తిగా మూసుకోని లోపం) ఉన్న పిల్లలకు లేటెక్స్, అంటే సహజ రబ్బరు, ఎలర్జీ చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి రబ్బరు బెలూన్లూ, మామూలు రబ్బరు గ్లవ్స్ గదిలోకే రానివ్వకండి. నీళ్లలో ఉబ్బే రంగు పూసలు మింగితే కడుపులో పెరిగి పేగుకు అడ్డుపడతాయి, సెన్సరీ ట్రేలలో అవి ఇప్పటికీ కనబడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. పచ్చి పిండిలో హానికరమైన బ్యాక్టీరియా ఉండొచ్చు, నోట్లో పెట్టుకునేవాళ్లకు అది వద్దు. ట్యూబు ద్వారా ఆహారం తీసుకునే పిల్లలకు రుచి చూపించాలంటే స్పీచ్ థెరపిస్ట్ ఒప్పుకోవాలి. లేకపోతే వాసనతో ఆపండి.

అన్నిటికన్నా కష్టం పిల్లలతో కాదు, మన హెల్పర్లతో. ప్రేమ కొద్దీ నలుగురూ ఒకేసారి ‘చూడు చూడు, ఎంత బాగుందో చూడు’ అంటారు. సెషన్‌లో ఒక్కరే మాట్లాడాలని ముందే అనుకోండి, మిగతావాళ్లు గమనించి రాయాలి. ఒక్కో పిల్లాడికి ఒక్క వాక్యం చాలు: తల తిప్పాడు, ఊపిరి ఆపాడు, చేయి వెనక్కి తీశాడు. కదలకుండా ఉండిపోవడం కూడా రాయదగ్గదే, చాలాసార్లు అది శ్రద్ధగా వినడం. బల్ల కింద ఉన్నవాడు అక్కడినుంచే చూస్తుంటే వాడూ పాల్గొన్నట్టే లెక్క, బయటికి లాగకండి. గోడ మీద పెట్టడానికి బొమ్మలు కావాలని పైవాళ్లు అడుగుతారు. పెద్దవాళ్లు పిల్లల చెయ్యి పట్టి అద్దించిన రంగుల కన్నా, ఈ వాక్యాలను మూడు వారాల వరసలో రాసి అంటించండి. తల్లిదండ్రులు వాటి దగ్గరే ఎక్కువసేపు నిలబడతారు.

వేడుక అయిన మర్నాడే అంతా ఎత్తిపెట్టేయకండి. ఇంకో వారం అదే సమయానికి, కాస్త కురచగా నడిపించి తగ్గించండి. లేకపోతే గుడ్డ కోసం వెతుక్కునే పిల్లలుంటారు.

నిద్రపోయిన మీ పాప విషయంలో ముందు ఫిజియోను అడిగి, ఆమెను పలక మీద ఏ భంగిమలో పడుకోబెట్టవచ్చో తెలుసుకోండి. ఆమె చూపు ఎంతవరకు ఉంది, ఫిట్స్ మందులు వాడుతోందా, ఏ పూట మెలకువగా ఉంటుంది అన్నవి ఇక్కడ రాస్తే, ఏ ఋతువుతో మొదలుపెడితే బాగుంటుందో చెప్పగలను.