నర్సరీకి మెయిల్ కొనబోతున్న అమ్మడికి

అమ్మడూ,

కడియపులంక నర్సరీ పేరు మీద డబ్బు కట్టే మెయిల్ తీసుకుంటానని, ఏ కంపెనీ మంచిదో చెప్పమని అడిగావు. భీమవరంలో రొయ్యల ఎగుమతి ఆఫీసులో ఏళ్ల తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు చూసినదాన్ని కాబట్టి చెప్తున్నాను. కంపెనీ సంగతి తర్వాత. ముందు డొమైన్ ఎవరి పేరు మీద ఉండాలో తేల్చుకో.

అడ్రసులో 'ఎట్' గుర్తు తర్వాత వచ్చే ఆ పేరును నీ ఫోన్ నంబరుతో, నీ డబ్బుతో నువ్వే కొను. వెబ్‌సైటు చేసే కుర్రాడు 'నేను చూసుకుంటానండి, ఆయ్' అంటాడు. వద్దను. అంబాజీపేటలో మాకు తెలిసిన కొబ్బరి పీచు వ్యాపారి అలాగే వదిలేశాడు. కుర్రాడు హైదరాబాద్ వెళ్లి నంబరు మార్చేశాడు. రెన్యువల్ నోటీసులన్నీ అతనికే పోయాయి. ఒకరోజు మెయిళ్లు రావడం ఆగిపోయాయి. మెయిల్ కంపెనీకి ఈయన టైముకే కట్టాడు, కానీ డొమైనే పోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? అదే డొమైన్ నీ చేతిలో ఉందనుకో, సర్వీసు నచ్చనప్పుడు ఎంఎక్స్ రికార్డు, అంటే నీ మెయిళ్లు ఏ కంపెనీకి చేరాలో చెప్పే సెట్టింగు, మార్చి వేరే కంపెనీకి పోవచ్చు. నీ అడ్రసు అదే ఉంటుంది, కొనేవాళ్లకు తేడాయే తెలియదు.

ఉచితంగా దొరికేది ఎప్పటికీ ఉచితంగానే ఉంటుందనుకోకు. గూగుల్ తన పాత ఉచిత జీ సూట్ (సొంత డొమైన్ మీద మెయిల్ ఇచ్చే సర్వీసు) వాడే వ్యాపారాలను 2022లో డబ్బు కట్టే ప్లానుకు మారమంది.

ఇక కంపెనీలు. జోహో, గూగుల్, మైక్రోసాఫ్ట్, ఇంకా బోలెడున్నాయి. నీలాంటి నర్సరీకి ఏదైనా సరిపోతుంది. వాడినవాళ్ల అభిప్రాయాలు చదివేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టకు. ఖాతా లాక్ అయితే ఎవరైనా పలికారా, ఎన్నాళ్లకు పలికారు, అది చూడు. ట్రయల్‌లో ఉండగానే ఏదో ఒక సందేహం అడిగి చూడు. జవాబు మనిషి రాసిందో, పాత పాఠం అంటించిందో నీకే తెలిసిపోతుంది.

ఖర్చు సాధారణంగా మనిషికింత చొప్పున ఉంటుంది, పైన 18 శాతం జీఎస్టీ. మొక్కల మీద మనం జీఎస్టీ వసూలు చేయం కదా, అది తిరిగి రాదు, ఖర్చులోనే రాసుకో. మొదటి ఏడాది రాయితీ చూసి మురిసిపోక రెండో ఏడాది రేటు అడుగు. ఆటో డెబిట్ పెడితే 24 గంటల ముందే మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. దాన్ని చదవకుండా తోసేయకు. డబ్బు మిగులుతుందని గుమాస్తాకూ నీకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టకు. ఆర్డర్ల కోసం వేరే అడ్రసు కావాలంటే ఏలియాస్, అంటే నీ మెయిల్‌పెట్టెకే వచ్చే రెండో పేరు, పెట్టుకోవచ్చు, చాలాచోట్ల దానికి అదనంగా తీసుకోరు.

డబ్బు కడుతున్నా మెయిల్ స్పామ్‌లోకి పోతోందని చాలామంది తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు కంపెనీది కాదు, డొమైన్‌లో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే రికార్డులు, అంటే మెయిల్ నిజంగా నీ దగ్గర్నుంచే వచ్చిందని చూపే గుర్తులు, పెట్టకపోవడం. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉంటున్నాయి. పెట్టే పద్ధతి కంపెనీవాళ్లే ఇస్తారు, అక్షరం పొల్లుపోకుండా కాపీ చెయ్యి.

కొత్త మెయిల్‌కు మారడం మాత్రం వేసవిలోనే పెట్టుకో. తొలకరికి ఆర్డర్లు ముంచెత్తుతుంటే పాత మెయిళ్లు మోసుకుంటూ కూర్చోలేవు.

మా ఎగుమతి ఆఫీసులో అందరినీ వణికించిన సంగతొకటుంది. 'మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి ఇందులో వేయండి' అని వచ్చే మెయిల్. పంపినవాడి అడ్రసులో ఒక్క అక్షరం తేడా ఉంటుంది, హడావుడిలో కంటికి ఆనదు. ఒక్కోసారి అవతలివాళ్ల మెయిల్‌లోకే దొంగ దూరి అసలు అడ్రసు నుంచే రాస్తాడు. ఎంత ఖరీదైన మెయిలైనా దీన్ని పూర్తిగా ఆపలేదు. ఖాతా నంబరు మారిందంటే ఆ మెయిల్లో ఉన్న నంబరుకు కాకుండా నీ పుస్తకంలో ఉన్న పాత నంబరుకు ఫోన్ చేసి గొంతు విన్నాకే డబ్బు వెయ్యి. నీ పేరుతో కొనేవాళ్లకు అలాంటిది పోవచ్చు కాబట్టి, మన ఖాతా మారితే ఫోన్ చేసే చెప్తామని బిల్లు మీదే అచ్చు వేయించు. టూ స్టెప్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో వచ్చే కోడ్ కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకో. బ్యాకప్ కోడ్లు కాగితం మీద తీసి బీరువాలో పెట్టు, ఫోన్ గోదాట్లో పడినా ఖాతా పోదు.

డొమైన్ పేరు చిన్నదిగా ఎంచుకో. కడియపులంక అని ఇంగ్లీషులో తలా ఒక రకంగా రాస్తారు, ఊరి పేరు అందులో ఇరికించకు.

మీ పెద్దమ్మ