ఐదు రోజులుగా ఆగని ఎక్కిళ్లు: ముందు కిడ్నీ పరీక్ష చేయించండి

ప్రశ్న: మా నాయనకు 61 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగర్, బీపీ. ఐదు రోజులుగా ఎక్కిళ్లు ఆగడం లేదు. గుక్క పట్టి నీళ్లు తాగించాం, చక్కెర, శొంఠి పెట్టాం. మందుల షాపులో ఇచ్చిన మాత్ర వేస్తే మత్తుగా పడుకుంటున్నారు, లేచాక మళ్లీ మొదలు. మోకాళ్ల నొప్పులకు కూడా షాపు మాత్రలే వాడతారు. మంచి చిట్కా ఏదైనా చెప్పండి.
- ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: అమ్మా, చిట్కా సంగతి తర్వాత. ఆ మోకాళ్ల మాత్రలు ఎన్నాళ్లుగా వాడుతున్నారో మీరు రాయలేదు, నాకు కావలసింది అదే. గబగబా తిన్నప్పుడో, కారం ఎక్కువైనప్పుడో వచ్చే ఎక్కిళ్లు కాసేపటికి వాటంతటవే పోతాయి. 48 గంటలు దాటితే మాత్రం కారణం వెతకాల్సిందే. చాలామందిలో అది పుల్లటి తేన్పులు, గ్యాస్ లాంటి పొట్ట సమస్యే కావచ్చు. కానీ షుగర్, బీపీ ఉన్న మనిషి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నెలల తరబడి మింగుతుంటే నాకు ముందు కిడ్నీల మీదే అనుమానం వస్తుంది. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో యూరియా అనే వ్యర్థం పేరుకుంటుంది, సోడియం కూడా అటూఇటూ అవుతుంది, ఎక్కిళ్లు ఆగవు. చూడకుండా ఇదే జబ్బని నేను చెప్పను.

ఇంకో భయం ఆ మత్తు. ఎక్కిళ్లకు తరచూ ఇచ్చే బాక్లోఫెన్ మంచి మందే, కానీ అది బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే. అవి పనిచేయకపోతే మందు ఒంట్లో నిలిచిపోయి మగత, తికమక, ఒక్కోసారి కోమా దాకా పోతుంది. ఎక్కిళ్లకే ఇచ్చే మిగతా మందుల్లో క్లోర్‌ప్రొమజైన్ అయితే బీపీ పడిపోవచ్చు, మెటోక్లోప్రమైడ్‌తో కొందరికి మెడ, దవడ బిగుసుకుంటాయి. ఇవన్నీ డాక్టర్లం మేమూ రాసేవే, కాకపోతే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో చూసుకుని, మోతాదు లెక్కగట్టి రాస్తాం. షాపు అతను అదెలా చూస్తాడు? చీటీ లేకుండా అడిగింది మనమే కదా తల్లీ, ఐదు రోజులు ఆగింది కూడా మనమే.

ఈరోజే దగ్గర్లోని డాక్టరుకు చూపించి క్రియాటినిన్, యూరియా, సోడియం, పొటాషియం, కాల్షియం, షుగర్ పరీక్షలు చేయించండి. ఈసీజీ తప్పనిసరి, ఎందుకంటే గుండెపోటులోనూ అరుదుగా ఎక్కిళ్లు వస్తాయి, షుగర్ ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు. ఛాతీ ఎక్స్‌రే, కడుపు స్కానింగ్ అవసరమో కాదో ఆ డాక్టరు చెబుతారు. క్రియాటినిన్ పెరిగి ఉంటే ఆలస్యం చేయకుండా కిడ్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. అన్నీ మామూలుగా ఉంటే సంతోషం, అప్పుడు ఎసిడిటీ మందులతో మొదలుపెడతారు.

తల తిరగడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, ముఖంలో ఒకవైపు తిమ్మిరి ఉన్నా, పిలిస్తే సరిగ్గా పలకకపోయినా 108కి ఫోన్ చేయండి, అది మెదడు పోటు కావచ్చు. షుగర్, బీపీ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. నొప్పి మాత్ర, ఎక్కిళ్ల మాత్ర మాత్రం డాక్టరు చూసేదాకా మళ్లీ వేయకండి, ఆ రెండింటి స్ట్రిప్పులు పారేయకుండా వెంట తీసుకెళ్లండి.