ప్రింటుకి వెళ్ళే ఫైలు, ఇంట్లో ఉండే ఫైలు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

పాత సామాన్ల దుకాణంలో అమ్‌స్ట్రాడ్ పీసీడబ్ల్యూ 8256 అనే పాత కంప్యూటరు కొన్నావనీ, దాని మీదే కథలు రాస్తున్నావనీ చదివి నవ్వుకున్నాను. 1985లో బ్రిటన్‌లో అది వచ్చినప్పుడు ధర 399 పౌండ్లు, పన్ను అదనం. మానిటరూ, ప్రింటరూ, రాసుకునే ప్రోగ్రాము లోకోస్క్రిప్టూ అన్నీ ఆ డబ్బులోనే. మాలాంటి రాతగాళ్ళం ఎగబడ్డామంటే ఎగబడమూ మరి!

కథ పూర్తయ్యాక ఏ ఫైలుగా దాచాలని అడిగావు. లోకోస్క్రిప్ట్‌లో ఆస్కీ ఫైలు (హంగులేవీ లేని ఉత్త అక్షరాల ఫైలు) చేసేచోట రెండు రకాలుంటాయి. పేజ్ ఇమేజ్ అంటే కాగితం మీద ఎలా పడుతుందో అచ్చం అలాగే. ప్రతి లైనూ అక్కడికక్కడే విరుగుతుంది, పేజీ నంబరు కూడా అక్షరాలతో పాటే ఫైల్లోకి దిగిపోతుంది. సింపుల్ టెక్స్ట్‌లో పేరా చివరే లైను విరుగుతుంది. బోల్డు, అండర్‌లైను రెండింట్లోనూ పోతాయి.

నేనూ నీలాగే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాణ్ణి. ఒకసారి డిస్కులో చోటు లేక (ఒక వైపుకి 180 కేబీ!) పేజ్ ఇమేజ్ ఉంచుకుని అసలు డాక్యుమెంటు చెరిపేశాను. తర్వాత ఓ స్నేహితుడు చదివి, రెండో పేరా దండగ, తీసెయ్ అన్నాడు. తీశాను. కింది పేజీలన్నీ పైకి జరిగాయి. ‘తలుపు తీసి’కీ ‘చూసింది’కీ నడుమ 7 అంకె వచ్చి కూర్చుంది. బియ్యంలో రాళ్ళేరినట్టు ఆ అంకెలు ఏరడానికి మూడు రాత్రులు పట్టింది.

అందుకని అసలు డాక్యుమెంటూ, సింపుల్ టెక్స్టూ వేర్వేరు డిస్కుల్లో పెట్టు. పేజ్ ఇమేజ్ ప్రింటు తీసే రోజున చేసుకో, పనయ్యాక పోయినా బెంగ లేదు. ఎం డ్రైవులో మాత్రం ఏదీ వదలకు. అది ఉత్త మెమరీ, స్విచ్ ఆపితే ఖాళీ.

నువ్వు కొట్టేది ఆర్‌టీఎస్ పద్ధతి, అంటే తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఒక పద్ధతి. అందులో చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. సింపుల్ టెక్స్ట్ అయితే తర్వాత తెలుగు లిపిలోకి హాయిగా మారుతుంది. పేజ్ ఇమేజ్‌ని మార్చి చూడు, లైను చివర గీత పెట్టి విరిచిన ‘అమ్మ’ కాస్తా పైన ‘అమ్-’, కింద ‘మ’ అయి కూర్చుంటుంది.

ఇక ఆ మూడంగుళాల డిస్కుని ఇప్పటి కంప్యూటర్లో పెట్టలేవు. వెనక తగిలించే సీపీఎస్ 8256 సీరియల్ పెట్టె దొరికితే, సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టంలోకి వెళ్ళి, ఫైళ్ళు కాపీ చేసే పిప్ కమాండ్‌తో ఇప్పటి కంప్యూటరుకి పంపొచ్చు. వేగం రెండు వైపులా ఒకటే ఉండాలి. దీనికంటే ముందు డ్రైవులోని రబ్బరు బెల్టు మార్పించు. ఇన్నేళ్ళకి సాగి, జిగురైపోయి ఉంటుంది. డిస్కు చదవడం లేదని టెన్షన్ పడే ముందు చూడాల్సింది అదే.

కథ వచ్చాక నాకు పంపు. పేజ్ ఇమేజ్ మాత్రం వద్దు, నా కళ్ళకి ఇప్పుడు అంత ఓపిక లేదు.

ఇట్లు,
మీ మాస్టారు