రికార్డర్‌నే నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి ఏడాది. ఏడేళ్లుగా రికార్డర్ (నిలువుగా పట్టి ఊదే యూరప్ పిల్లనగ్రోవి) వాయిస్తోంది, మొదట చిన్నదైన సొప్రానో, ఇప్పుడు కాస్త పెద్దదైన ఆల్టో. యూరప్ పాతకాలపు సంగీతమే వృత్తిగా తీసుకుంటానంటోంది. మా ఇంట్లో దీని సంగతి ఎవరికీ తెలియదు. దీంతో బతకగలదా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బతకగలదమ్మా. అయితే దీన్ని నెల జీతం ఉద్యోగంగా ఊహించుకోకండి. సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్‌కూ, ఊదే వాద్యమైన ఓబోకూ ఉన్నట్టు రికార్డర్‌కు శాశ్వతమైన కుర్చీ ఉండదు. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన బ్రాండెన్‌బర్గ్ కాన్సెర్టోల్లో (కొందరు ముందుండి, బృందం తోడుగా వాయించే రచనలు) రెండోదో నాలుగోదో పెట్టుకున్నప్పుడు కబురు చేస్తారు, కచేరీ కాగానే డబ్బిచ్చి పంపేస్తారు. అందుకని ఈ వాద్యకారుల సంపాదన నాలుగైదు చోట్ల నుంచి పోగవుతుంది: పాఠాలు, బరోక్ (17, 18 శతాబ్దాల యూరప్ సంగీతం) బృందాలతో విడి కచేరీలు, సొంత బృందం, రికార్డింగులు. ఇల్లు గడిపేది చాలామందికి పాఠాలే.

ఫ్రాన్స్ బ్రూగెన్ పేరు అమ్మాయికి తెలిసే ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దంలో రికార్డర్‌కు పెద్ద పేరు తెచ్చినవాడు. ఆయనా రికార్డర్‌తో పాటు పాతకాలపు అడ్డ ఫ్లూట్ వాయించాడు, పాఠాలు చెప్పాడు, 1981లో 18వ శతాబ్దపు సంగీతం కోసం ఆర్కెస్ట్రా పెట్టి నడిపించాడు. ఈ తరంలో 1999లో పుట్టిన డచ్ అమ్మాయి లూసీ హోర్ష్ 2016లోనే ఇటలీ స్వరకర్త వివాల్డి కాన్సెర్టోలతో డెక్కా రికార్డు కంపెనీకి ఆల్బం చేసింది. దారి ఉంది, కానీ ఇరుకు. రెండో వాద్యం చేతిలో ఉంటే కాస్త వెడల్పవుతుంది. బరోక్ ఓబో గానీ, హార్ప్సికార్డ్ (పియానోకు ముందటి తీగల కీబోర్డ్ వాద్యం) మీద అంకెల బాస్ (కింది స్వరాలకు అంకెలు వేసి రాసిన వరుస) చూసి తోడు వాయించడం గానీ నేర్చుకోమనండి.

ఇంటర్ మాత్రం మాన్పించకండి. ఆమ్‌స్టర్‌డామ్, హేగ్ సంగీత కళాశాలలు, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 1933 నుంచి నడుస్తున్న స్కోలా కాంటోరుమ్ లాంటి చోట్ల డిగ్రీకి వెళ్లాలన్నా చేతిలో పన్నెండో తరగతి సర్టిఫికెట్ ఉండడమే మేలు. ప్రవేశ పరీక్షలో ఒకే రకం సంగీతం వాయిస్తే చాలదు. 17వ శతాబ్దపు ఇటలీ సొనాటా ఒకటి (కస్తెల్లో లేదా ఫొంతానా), టెలిమాన్ లేదా హాండెల్ సొనాటా ఒకటి, 1960 తర్వాత రాసిన ఆధునిక రచన ఒకటి, తోడు లేకుండా ఒంటరిగా వాయించేది ఒకటి సిద్ధం చేసుకుంటే దాదాపు ఎక్కడైనా నిలబడొచ్చు. ఒంటరి వాద్యానికి యాకోబ్ ఫాన్ ఐక్‌ను మించినవాడు లేడు. ఉట్రెక్ట్‌లో చర్చి గంటలు వాయించిన అంధుడాయన. 1644 నుంచి అచ్చయిన ఆయన వరుసల్లో ఒక్కో పాటకు నడక రెట్టింపయ్యే వైవిధ్యాలుంటాయి. గుంటూరులో తోడు వాయించేవాళ్లు దొరకని అమ్మాయికి ఇంతకన్నా మంచి సాధన లేదు.

తోడు కావాల్సిన రచనలకు ఇంట్లో ఎలక్ట్రానిక్ కీబోర్డ్ ఉంటే సరిపోతుంది. హార్ప్సికార్డ్ శబ్దం పెట్టండి. బరోక్ శృతి 415, ఇప్పటి శృతి 440 (‘ఎ’ స్వరం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ లెక్క). రెండింటికీ అర స్వరం తేడా. 415 రికార్డర్‌తో వాయించేటప్పుడు కీబోర్డ్ ట్రాన్స్‌పోజ్‌ను మైనస్ 1కి తిప్పితే అయిపోయింది. చేత్తో చేసిన 415 ఆల్టో లక్షన్నర దాటుతుంది, ఆర్డరిచ్చాక నెలల తరబడి ఆగాలి కూడా. అందుకే ఇప్పుడే కొనకండి. మంచి ప్లాస్టిక్ ఆల్టో మీద వేళ్లు, నాలుక, ఊపిరి కుదిరాకే కొనండి. ఆ డబ్బుతో ఈలోపు లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడు పరీక్షలు రాయించండి. వాద్య పరీక్షను ఆపకుండా తీసిన వీడియోతోనూ ఇవ్వొచ్చు. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి), చెవి శిక్షణ ఇప్పుడే మొదలుపెట్టాలి. మన పిల్లలు వేళ్లలో కాదు, అక్కడే వెనకబడతారు.

ప్రశ్న: కొత్త చెక్క ఆల్టో. ఏసీ గదిలో ఇరవై నిమిషాలు వాయించేసరికి వాద్యం గొంతు పట్టేసినట్టవుతోంది. కొబ్బరి నూనె రాయమంటున్నారు. రాయొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: రాయొద్దు. చలికాలం రాత్రి అది గడ్డకడుతుంది. అసలు మీ కష్టానికి నూనెతో పనిలేదు. ఏసీలో చల్లబడిన చెక్కకు మీ వెచ్చటి ఊపిరి తగిలి ఆవిరి నీరవుతోంది. ఊదే సన్నటి గాలిదారి ఒక మిల్లీమీటరు ఎత్తుంటే గొప్ప. ఒక్క బొట్టు నిలిస్తే చాలు, స్వరం బొంగురుపోతుంది.

వాయించే ముందు తలభాగాన్ని పదినిమిషాలు చంకలోనో జేబులోనో పెట్టి వేడెక్కించండి. మధ్యలో పట్టేస్తే పైన కిటికీలా తెరిచి ఉన్న చోట వేలిని మెత్తగా అడ్డం పెట్టి (పదును అంచుకు తగలకుండా) గట్టిగా ఒక్క ఊపు ఊదండి, నీరు కిందికి పోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు కలిపి రెండు మూడు చుక్కలు గాలిదారిలో జారనిచ్చి, తుడవకుండా ఆరనిస్తే బొట్లు కట్టకుండా పొరలా జారిపోతాయి. పిన్ను, గుడ్డ, పుల్ల లోపలికి పోనివ్వకండి.

కొత్త చెక్కకు మొదటి వారం రోజుకు 10–15 నిమిషాలే. రెండో వారం 20. గంటకు చేరడానికి నెల పట్టాలి. గాలిదారి కింద ఉండే దేవదారు దిమ్మ తేమ తాగి ఉబ్బుతుంది. కృష్ణా ఒడ్డు ఉక్కలో అది తొందరగా ఆరదు. అందుకే వాయించగానే పెట్టెలో మూసేయకండి, తుడిచి ఫ్యాన్ గాలి ఆడేచోట విడిభాగాలుగా ఉంచండి. ఎండలో, కారులో వద్దు, పగులుతుంది. లోపలి గొట్టానికి రెండు మూడు నెలలకోసారి బాగా ఆరాక బాదం నూనె పలచగా రాసి, రాత్రంతా ఉంచి, పొద్దున తుడవండి. దిమ్మకు, గాలిదారికి నూనె తగలకూడదు.

ప్రశ్న: మా బడిలో పిల్లల సొప్రానోల్లో కొందరికే ఎఫ్ షార్ప్ అపస్వరం పలుకుతోంది. తప్పు పిల్లలదా, వాద్యానిదా?
– సంగీతం టీచర్, గుంటూరు

జవాబు: వాద్యానిది. అవి జర్మన్ పట్టువి (పట్టు అంటే రంధ్రాల మీద వేళ్లు పెట్టే పద్ధతి). ముందువైపు నాలుగో రంధ్రం కన్నా ఐదోది చిన్నదిగా ఉంటే జర్మన్, పెద్దదిగా ఉంటే బరోక్. జర్మన్‌లో ఎఫ్ సులువు, ఎఫ్ షార్ప్ పాడు. కొత్తవి బరోక్‌వే తెప్పించండి.

ప్రశ్న: ఆరేళ్లు కర్ణాటక వేణువు నేర్చుకున్నాను. రికార్డర్ మీద పై స్థాయి కీచుమంటోంది. ఎందుకు?
– గుణదల, విజయవాడ

జవాబు: రెండు కారణాలుంటాయి. వేణువులో పెదవి గాలిని దిద్దుతుంది. రికార్డర్‌లో గాలిదారి కదలదు కాబట్టి గట్టిగా ఊదితే శృతి పైకి పోతుంది, ఇంకా గట్టిగా ఊదితే స్వరం విరుగుతుంది. రెండోది బొటనవేలు. వేణువుకు వెనక రంధ్రం లేదు. ఇక్కడ పై స్థాయికి ఆ రంధ్రాన్ని పూర్తిగా తెరవకూడదు. వేలు వంచి, గోరు అంచుతో వెంట్రుకవాసి సందు మాత్రమే వదలాలి. గోరు పొడవుగా ఉంటే కత్తిరించండి.

నాలుక విషయంలో మాత్రం మీరు ముందే ఉన్నారు. 1707లో పారిస్‌లో ఫ్లూట్ వాద్యకారుడు ఓతెటేర్ రాసిన పాఠంలో, స్వరం మొదలుపెట్టడానికి నాలుకతో అనే అక్షరాలు తు, రు. మన ‘ర’లా నాలుక ఒక్కసారే తగలాలి. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, ఒక్కో దెబ్బకు నాలుగు స్వరాలు తు-రు-తు-రు అని ఊదండి. ముందు అరచెయ్యి నోటికి ఎదురుగా పెట్టుకుని వాద్యం లేకుండా అనండి. ‘తు’ దగ్గర గాలి ఫట్‌మని చేతికి తగిలితే అది ‘థు’ అయినట్టు. ఆ గాలి తగ్గేదాకా రికార్డర్ తీయకండి.