సి డ్రైవ్ నిండితే ఏ ఫోల్డర్లు మార్చవచ్చు?

ప్రశ్న: మా ఇంటి కంప్యూటర్‌లో విండోస్ 11 ఉంది. 128 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోయింది. 1 టీబీ హార్డ్ డిస్క్ ఖాళీగా ఉంది. డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను డి డ్రైవ్‌లోకి మార్చవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిక్షేపంగా మార్చవచ్చు. ముందుగా డి డ్రైవ్‌లో ‘డౌన్‌లోడ్స్’ అని కొత్త ఫోల్డర్ సృష్టించండి. ఈ పని మాత్రం మానకండి. కొత్త ఫోల్డర్ లేకుండా నేరుగా డి డ్రైవ్‌నే చూపిస్తే ఆ డ్రైవ్ మొత్తం డౌన్‌లోడ్స్‌గా మారిపోతుంది. మళ్లీ విడదీయడానికి రిజిస్ట్రీ (విండోస్ తన లోపలి సెట్టింగ్స్ దాచుకునే చోటు) దాకా పోవాల్సి రావచ్చు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

తర్వాత సి డ్రైవ్, యూజర్స్, మీ పేరున్న ఫోల్డర్‌లోకి వెళ్లి, డౌన్‌లోడ్స్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. లొకేషన్ ట్యాబ్‌లో ‘మూవ్’ నొక్కి, కొత్త ఫోల్డర్ ఎంచుకుని ‘అప్లై’ కొట్టండి. పాత ఫైళ్లనూ తరలించాలా అని అడిగితే ‘యస్’ అనండి. డాక్యుమెంట్స్‌కూ ఇదే పద్ధతి. కాకపోతే దానికి వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ నిల్వ) బ్యాకప్ ఉంటే మూవ్ మొరాయిస్తుంది. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఆ బ్యాకప్ ఆపి మొదలుపెట్టండి.

విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్, యాప్‌డేటా ఫోల్డర్ల జోలికి మాత్రం పోవద్దు. ప్రోగ్రాములు పాత దారిలోనే ఫైళ్లను వెతుక్కుని, దొరక్క మొండికేస్తాయి.