స్కాట్లాండ్‌లో పూర్వీకుల ఇల్లు వెతకాలంటే ముందు పారిష్, తర్వాత ఆ పొలం పేరు

మీ అమ్మమ్మగారి తాత స్కాట్లాండ్ నుంచి రైల్వే పనికి వచ్చి వాల్తేరులో స్థిరపడ్డారని, ఆయన పేరు, పుట్టిన ఊరి పేరు తప్ప చేతిలో ఏమీ లేవని రాశారు. ఆయన పెరిగిన ఇల్లు, చుట్టుపక్కల పొలాలు ఎలా ఉండేవో తెలుసుకోవచ్చా అని అడిగారు. తెలుసుకోవచ్చండీ. మావారి ముత్తాత విషయంలో మేం సరిగ్గా ఇదే పని చేశాం. మావారిది సికింద్రాబాద్ ఆంగ్లో ఇండియన్ కుటుంబం, మాది రాజమండ్రి. పదేళ్లుగా అబర్డీన్‌లో ఉంటున్నాం. అయినా ఆ ఇంటిని పట్టుకోవడానికి మాకు రెండేళ్లు పట్టింది. అందులో ఒక ఏడాది నా పొరపాటు వల్లే పోయింది కాబట్టి ముందు అదే చెప్తాను.

అత్తయ్యగారి దగ్గరున్న పాత రైల్వే కాగితంలో ‘న్యూటన్, అబర్డీన్‌షైర్’ అని ఉంది. మ్యాప్‌లో న్యూటన్ కనిపించగానే కారు వేసుకుని వెళ్లిపోయాం. అందమైన రాతి ఇల్లు, ముందు గొర్రెలు. ఫోటో తీసి పంపితే అత్తయ్యగారు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. తర్వాత తెలిసింది, న్యూటన్ అంటే మన కొత్తపల్లి లాంటి పేరని. తూర్పుగోదావరిలో కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి అని అడుగుతామా లేదా? అక్కడా అంతే. మిల్టన్ కూడా అలాంటిదే, మర ఉన్న ప్రతి చోటికీ ఆ పేరే. జనన పత్రం చేతికొచ్చాక చూస్తే మా న్యూటన్ ఉన్నది వేరే పారిష్‌లో (పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ల పరిధి). ఆ ఫోటో గోడ మీంచి తీసెయ్యమని అత్తయ్యగారికి ఫోన్‌లో చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు నోరు రాలేదు.

అందుకే మొదట పారిష్ ఏదో తేల్చుకోండి. స్కాట్లాండ్‌లో ప్రభుత్వం జనన మరణాలు నమోదు చెయ్యడం 1855 జనవరి 1న మొదలైంది. అంతకు ముందువి చర్చి పుస్తకాల్లో ఉంటాయి. రెండూ ‘స్కాట్లాండ్స్ పీపుల్’ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కొద్దిపాటి డబ్బు కట్టి చూడొచ్చు. 1861 నుంచి జనన పత్రంలో తల్లి పుట్టింటి ఇంటిపేరే కాదు, తల్లిదండ్రుల పెళ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో కూడా రాశారు. అంటే ఒక్క కాగితం దొరికితే ఇంకో తరం దొరికినట్టే. వాల్తేరు వైపు నుంచి కూడా వెతకండి. ఇండియాలో జరిగిన చర్చి పెళ్లిళ్ల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, వాటిలో వరుడి తండ్రి పేరు ఉంటుంది. ఒకే పేరున్నవాళ్లు నలుగురు తగిలితే మనకు బాగా తెలిసిన పద్ధతి ఒకటి పనికొస్తుంది: పెద్దకొడుక్కి నాన్నవైపు తాత పేరు, రెండోవాడికి అమ్మవైపు తాత పేరు పెట్టడం అక్కడా ఆనవాయితీ. అందరూ పాటించలేదు గానీ, మాకు ఇద్దరిలో ఎవరు మనవాళ్లో దానివల్లే అనుమానం తీరింది.

తర్వాత జనాభా లెక్కలు. 1841 నుంచి పదేళ్లకోసారివి అదే సైట్‌లో ఉన్నాయి. ఇక్కడ నేను మళ్లీ తికమకపడ్డాను. 1871లో ఒక ఇల్లు, 1881లో ఇంకో ఇల్లు. అప్పులపాలై ఇల్లు అమ్ముకున్నారేమో అనుకున్నాను. అసలు సంగతి, ముత్తాత వాళ్ల నాన్న పాలేరు. అబర్డీన్‌షైర్‌లో పెళ్లికాని పాలేళ్లు ఆరునెలలకూ, సంసారులు మామూలుగా ఏడాదికీ ఒప్పందం మీద కుదిరేవారు. గడువు తీరాక వేరే రైతు దగ్గర పని దొరికితే సామాను బండికెత్తి అక్కడి పాలేరింటికి మారిపోవడమే. సొంతిల్లు అనేదే లేదు. 1861 నుంచి ఆ లెక్కల్లో ఇంకో గడి ఉంది: కిటికీ ఉన్న గదులు ఎన్ని అని. మావాళ్లింటికి ఎదురుగా ‘2’ అని ఉంది. ఎనిమిదిమంది మనుషులు. ఆ అంకె చదివి వినిపిస్తే అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు.

అక్కడి నుంచి మనిషిని పక్కనబెట్టి చోటు వెంట పడ్డాం, అప్పుడే పని సాగింది. ఏటేటా రాసిన వాల్యుయేషన్ రోల్స్ అనే శిస్తు లెక్కల్లాంటివి ఉన్నాయి. వాటిలో భూస్వామి, కౌలుదారు, అద్దె అన్నీ ఉంటాయి. కానీ ఏడాదికి 4 పౌండ్లలోపు అద్దె ఇళ్లవాళ్ల పేర్లు చాలాసార్లు ఉండవు, కాబట్టి పాలేరు కనబడలేదని నిరాశపడకండి. పొలం పేరు దొరికితే చాలు. దాన్ని నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ మ్యాపుల సైట్‌లో వెతకండి, అంతా ఉచితం. ఒక పక్క పాత సర్వే మ్యాపు, ఇంకో పక్క ఇప్పటి ఉపగ్రహ చిత్రం పెట్టి చూడొచ్చు. మైలుకు 25 అంగుళాల మ్యాపులో గోడలు, చెట్లు, చివరికి ఇంటి పక్క బావి కూడా డబ్ల్యూ అక్షరంతో కనిపిస్తుంది. ఆ సర్వేవాళ్లు ప్రతి చోటు పేరూ, అదేమిటో చిన్న వర్ణనా, ఆ పేరు సరైనదని చెప్పిన స్థానికుల పేర్లూ పుస్తకాల్లో రాసుకున్నారు. వాటిని నేమ్ బుక్స్ అంటారు. అవి కూడా ఆన్‌లైన్‌లో పెట్టారు.

ఊరి వాతావరణం తెలియాలంటే స్టాటిస్టికల్ అకౌంట్స్ చదవండి. 1790లలో ఒకసారి, 1834-45 మధ్య ఇంకోసారి, పారిష్ పాదిరీలు తమ ఊరి పంటలు, కూలిరేట్లు, వంటచెరకు, బడి గురించి రాసినవి. చదువుతుంటే నాకు మన కైఫీయత్తులే గుర్తొచ్చాయి. కావలి సోదరులతో కలిసి ఆ కైఫీయత్తులు, అంటే మన ఊళ్ల చరిత్రలు, రాయించిన కాలిన్ మెకంజీ కూడా స్కాట్లాండ్‌వాడేగా, లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టాడు.

వెళ్లి చూసే ముందు ఒక మాట. 2003 చట్టం ప్రకారం అక్కడ పొలాల వెంట, కొండల మీద బాధ్యతగా నడవొచ్చు. ఇళ్లు, పెరళ్లు, కొట్టాలు మాత్రం అందులోకి రావు, పైరు తొక్కకూడదు. మేం రైతుకు ముందే ఉత్తరం రాశాం. ఆయనే వచ్చి చూపించాడు. ఇల్లంటే మోకాలెత్తు రాళ్ల వరుస, అంతే. పక్కన ఒక రోవన్ చెట్టు. మంత్రగత్తెలు రాకుండా ఇంటి దగ్గర ఆ చెట్టు పెంచేవారట. రాళ్ల చుట్టూ నెటిల్ మొక్కలు గుబురుగా ఉన్నాయి, తాకితే దద్దుర్లే. మనుషులు, పశువులు ఏళ్ల తరబడి ఉన్న నేలలో అవి ఏపుగా పెరుగుతాయి, కాబట్టి ఖాళీ కొండ మీద నెటిల్స్ కనబడితే ఆగి చూడండి. మ్యాపులో డబ్ల్యూ ఉన్న దిక్కుగా ఇరవై అడుగులేసి మావారు ఒక బల్లరాయి పక్కకు జరిపారు. కింద నీళ్లు ఉన్నాయి. మాతో వచ్చిన అత్తయ్యగారు వంగి వేళ్లు ముంచి కళ్లకు అద్దుకున్నారు.

మార్చి చివర్లో వెళ్లండి. వేసవికి బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్కలు నడుమెత్తు పెరిగి రాళ్లన్నీ కప్పేస్తాయి. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి, అక్కడ గోమార్లు ఎక్కువ. మీ దగ్గరున్న ఊరి పేరు అక్షరం అక్షరం ఎలా రాసి ఉందో ఇక్కడ పెడితే, అది ఏ పారిష్ కావచ్చో నేనూ చూస్తాను.